సగం మూసిన కళ్లు

పటేల్‌గూడ,
ఫిబ్రవరి మొదటి ఆదివారం

ఎల్సీ వదినకు,

వందనాలు రాయడం లేదు, రాయబుద్ధి కాలేదు. ఫోన్‌లో నీ నంబరు బ్లాక్ చేశాను కాబట్టి ఈ కాగితం. ఫోన్‌లో అయితే నువ్వు మెల్లగా మాట్లాడి నన్ను చల్లబరుస్తావు. నాకిప్పుడు చల్లబడాలని లేదు.

పేపర్లో జిల్లా పేజీలో నీ బొమ్మ పడింది. సంగారెడ్డిలో టీచర్ల చిత్ర ప్రదర్శన, మొదటి బహుమతి డ్రాయింగ్ టీచర్ ఎల్సీకి, బొమ్మ పేరు ‘తెల్లవారిన వాగు’. మన ఇంటి వెనక వాగే. తుమ్మచెట్లు, కరెంటు స్తంభాలు, పొగమంచు, అవతల కంపెనీ గోడ. చాలా బాగా వేశావు. ఎంత బాగా అంటే గల్లీలో ప్రతి ఒక్కరూ ఫోన్‌లో పెద్దది చేసుకుని మరీ చూశారు. పెద్దది చేస్తే వాగు ఒడ్డున టాంకరు ఉంది. టాంకరు వెనక పైపు, పైపు నుంచి నీళ్లలోకి తుప్పురంగు చార. పక్కన ఒక మనిషి. నడుం మీద ఒక చెయ్యి, తలకు నారింజరంగు తువ్వాలు, ఎడమకు కొంచెం వంగి నిలబడ్డాడు.

పక్కింటి మొగులమ్మ ఫోన్ పట్టుకుని మా గడప దగ్గరికొచ్చి, “ఏందే, గీడ నిలబడ్డది మీ నాయిన గదా” అంది. నాన్న అన్నం తింటున్నాడు. తల ఎత్తలేదు.

తర్వాత జరిగింది విను. వాగు గురించి ఎప్పటినుంచో అర్జీలు పెడుతున్న కాలనీవాళ్లు ఆ పేపరు తీసుకుపోయి సంగారెడ్డిలో కాలుష్య నియంత్రణ ఆఫీసర్‌కు ఇచ్చారు. కంపెనీ మురుగును శుద్ధి చేసే చోటికి తీసుకుపోవలసిన టాంకరు వాగులో ఎందుకు పారబోస్తోందని విచారణ మొదలైంది. కంపెనీవాళ్లు ఒక్క మాటతో చేతులు దులుపుకున్నారు. డ్రైవర్ పరంజ్యోతి డీజిలు మిగుల్చుకోవడానికి తనంతట తానే పారబోశాడట, వాళ్లకేమీ తెలియదట. నాన్న లైసెన్సు తీసుకున్నారు, కేసు రాశారు, పని నుంచి ఆపారు.

మీ అమ్మ పోయాక మేనకోడలివని నిన్ను ఈ ఇంటికి తెచ్చుకుని పెంచింది ఆయన. డ్రాయింగ్ లోయర్ పరీక్షకు నిన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని సంగారెడ్డి దాకా తొక్కింది ఆయన. నీకు గీయడానికి ఇంకెవరూ దొరకలేదా వదినా?

ఎలిజబెత్

*

సంగారెడ్డి,
ఫిబ్రవరి రెండో వారం

లిజీకి,

వందనాలు. నువ్వు రాయకపోయినా నేను రాస్తాను.

ఆ మనిషి మామ అని నాకు తెలియదు. ఇది చదివి కాగితం విసిరికొడతావని తెలుసు. ఏరుకుని మళ్లీ చదువు.

క్రిస్మస్ సెలవుల్లో మీ ఇంట్లో ఉన్నప్పుడు రోజూ తెల్లవారుజామున వాగు దగ్గరికి వెళ్లాను కదా. ఎదురుగా కూర్చుని చూసి వేసేటప్పుడు కళ్లు పూర్తిగా తెరవం. సగం మూస్తాం. అలా మూస్తే ఆకులూ కొమ్మలూ పోయి చెట్టు ఒక ముదురు ముద్దగా కనిపిస్తుంది, ఇల్లు ఒక లేత ముద్దగా కనిపిస్తుంది. బొమ్మ నిలబడేది వాటి మీదే. నాకు నేర్పిన సంగప్ప సార్ ఒకే మాట చెప్పేవాడు: “పేరు యాదికొచ్చిందంటే బొమ్మ పాడైతది. చెట్టు అనుకోకు, మనిషి అనుకోకు, రంగు సూడు.” నేను అలాగే చూశాను. అంతా బూడిదరంగు, మంచూ పొగా కలిసిపోయి ఎక్కడ ఏది మొదలవుతుందో తెలియని బూడిదరంగు. దాని మధ్య నారింజరంగు చుక్క ఒకటి కనిపించింది. దేవుడు పంపినట్టు దొరికిందని సంతోషించి పెట్టేశాను. నీళ్లలోకి దిగుతున్న తుప్పురంగు చార కూడా అంతే. దానికోసం మూడు రంగులు కలిపాను. అంత అందమైన గోధుమ నా పెట్టెలో లేదు.

ఇంకో మాట. ఇంటికి వచ్చాక బొమ్మ ఆరబెట్టాను. మామ డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతూ చాలాసేపు చూశాడు. “మంచు మంచిగొచ్చింది బిడ్డా” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అని ఉంటే అప్పుడే చింపేసేదాన్ని. ఆయనకు నిజంగా తెలియలేదా, లేక తెలిసీ ఊరుకున్నాడా, అడిగి చెప్పు.

ఎల్సీ

*

పటేల్‌గూడ,
ఫిబ్రవరి చివర

వదినా,

కాగితం విసిరికొట్టాను. ఏరుకోలేదు, నాన్న ఏరి మంచం మీద పెట్టాడు. ఆయన్ను ఏమీ అడగను. ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు.

మొగులమ్మకు గింజంత బొమ్మలో కనిపించిన మనిషి, ఎదురుగా మనిషంత మనిషి నిలబడితే నీకు కనిపించలేదా? ఆ నడుం నొప్పి నీకు తెలియదా? సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయన వీపుకు జిందా తిలిస్మాత్ రాసింది నువ్వే కదా. రంగు చూశావట. మా బతుకు మీద పడ్డ మురికి నీకు అందమైన గోధుమ. బహుమతి కూడా వచ్చింది.

సరే, తిట్టడానికే అయితే ఇంత రాయను, పని ఉంది. టాంకర్ల కాంట్రాక్టు చూసే వీర్రాజు ఫోన్ చేశాడు. ఎప్పుడూ నా ఫోన్‌కే చేస్తాడు, నాన్న ఎత్తడు కదా. ఆయన చెప్పింది ఇది. పారబోయడం కళ్లతో చూసినవాళ్లు నువ్వు తప్ప ఎవరూ లేరు. కాలనీవాళ్లంతా బొమ్మ చూసి మాట్లాడుతున్నవాళ్లే. నువ్వు ఆఫీసర్ దగ్గరికి వెళ్లి, ‘అది నేను చూసి వేసింది కాదు, ఊహించి వేసింది’ అని ఒక కాగితం రాసిస్తే కేసు నిలబడదు. నాన్నను మళ్లీ పనిలోకి తీసుకుంటారు. “మీ వదినకు జెర చెప్పమ్మా, చిన్న కాగితమే గదా” అన్నాడు.

నాకూ చిన్న కాగితంలాగే అనిపిస్తోంది. అబద్ధమాడితే నీ చెయ్యి పడిపోదు.

ఎలిజబెత్

*

సంగారెడ్డి,
మార్చి

ఎలిజబెత్‌కు,

రాసివ్వను.

నీకు చిన్న కాగితం కావచ్చు. నా దగ్గర చదివే పిల్లలు మొదటి రోజు బొమ్మ వేయమంటే ఏం వేస్తారో తెలుసా? రెండు కొండలు, వాటి మధ్య నుంచి సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. ఒక్కరు కూడా ఇంకోటి వెయ్యరు. సంగారెడ్డిలో కొబ్బరిచెట్టు ఎక్కడుందిరా, మీ ఇంటి కిటికీలోంచి ఏం కనిపిస్తుందో అది వెయ్యండి అని గొంతు చించుకుంటాను. పాత జైలు గోడ దగ్గరికి, బస్టాండుకు, కోర్టు ముందు చెట్ల కిందికి తీసుకుపోయి కూర్చోబెడతాను. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట. కళ్ల ముందున్నది వెయ్యి. ఊహించి వేసేదాన్నే అయితే ఈపాటికి క్యాలెండర్లకు మంచుకొండలూ హంసలూ వేసి పేరు తెచ్చుకునేదాన్ని.

నేను ఊహ అని రాసిస్తే వాగు కూడా ఊహే అవుతుంది. ఆలోచించావా? పోయేది మామ మీది కేసు ఒక్కటే కాదు. అక్కడ పారబోసినదంతా మాయమవుతుంది. ఆ వీర్రాజుకు కావలసింది మామ కాదు, అది.

ఇక నీ సంగతి. వీర్రాజు ‘ఎప్పుడూ నా ఫోన్‌కే’ చేస్తాడని రాశావు. ఎప్పుడూ అంటే ఎప్పుడు? కేసు అయ్యాకా, అంతకుముందు కూడానా? నేను కళ్లు మూసుకుని చూశానంటున్నావు. సగం తెరిచే ఉంచాను నేను. నీ కళ్ల సంగతేంటి? తెల్లవారక ముందే టాంకరు ఎక్కే మనిషి ఎక్కడికి వెళ్తున్నాడో, ఆ తువ్వాలు ఉతికే నీకు ఒక్కసారి కూడా వాసన రాలేదా?

ఎల్సీ

*

పటేల్‌గూడ,
మార్చి

నిన్న నాన్నను స్టేషన్‌కు పిలిచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటో దిగలేకపోతే నేనూ మొగులమ్మా పట్టుకుని దించాం. ఇంకోసారి పిలిస్తే లోపలికేనని చెప్పారట.

నువ్వు అడిగినదానికి జవాబు అవును. ఎప్పుడూ అంటే ఎప్పుడూ. చీకటితో వీర్రాజు ఫోన్ చేసి “ఇయ్యాల వాగుకే” అనేవాడు. నేనే నాన్నను లేపేదాన్ని, టీ పెట్టిచ్చేదాన్ని. నాకు కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పని ఇప్పించింది కూడా వీర్రాజే. ఇప్పుడు తెలిసింది కదా, ఏం చేస్తావు? నన్ను కూడా గీస్తావా?

నీ పిల్లల కొబ్బరిచెట్ల కథ నాన్నకు చదివి వినిపించలేదు. ఆయన నవ్వే స్థితిలో లేడు.

*

సంగారెడ్డి,
ఏప్రిల్

ఎలిజబెత్‌కు,

రాసిచ్చాను. సంతోషించు.

ఆఫీసర్ మంచివాడిలాగే ఉన్నాడు. కుర్చీ వేయించి మంచినీళ్లు ఇప్పించాడు. వీర్రాజు బయట వరండాలో నిలబడి ఉన్నాడు. కాగితం చదివి ఆఫీసర్ అడిగాడు, “టీచరమ్మా, మనిషిని ఊహించి వేసిన్నంటున్నరు. టాంకరు?”

“అది కూడా ఊహే సార్.”

“మరి నీళ్ల రంగు? గా ఎర్ర చార?”

“బొమ్మ అందంగా ఉండాలని పెట్టాను సార్” అన్నాను.

“అంటే వాగు మంచిగనే ఉన్నదన్నట్టు.”

“అవును సార్.”

“అది కూడా ఒక లైను రాయున్రి మరి.”

రాశాను. వాగు నీళ్లు మామూలు రంగులోనే ఉన్నాయని, నేను అక్కడ ఏ టాంకరూ చూడలేదని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. బయటికి వస్తే వీర్రాజు బస్టాండు దాకా బండి మీద దింపుతానన్నాడు. నడిచి వచ్చాను. ఒళ్లంతా మండింది ఎలిజబెత్. ఎండకు కాదు.

మధ్యాహ్నం క్లాసులో ఒక పిల్ల రెండు కొండలూ సూర్యుడూ వేసి తెచ్చింది. బాగుందమ్మా అని రైట్ కొట్టి ఇచ్చేశాను. ఇంకేం చెప్పే మొహం ఉంది నాకు?

మామకు నడుం పట్టీ పంపుతున్నాను. నాకు ఇక ఉత్తరం రాయకు.

ఎల్సీ

*

పటేల్‌గూడ,
ఏప్రిల్ చివర

వదినా,

రాయక తప్పడం లేదు. కూర్చుని చదువు.

వీర్రాజు స్వీటు డబ్బాతో వచ్చాడు. నువ్వు రాసిచ్చిన కాగితం నకలూ, నాన్న లైసెన్సూ తెచ్చాడు. రేపటి నుంచి డ్యూటీకి రమ్మన్నాడు, మళ్లీ అదే టాంకరు. ఆయన వెళ్లాక నాన్న ఆ కాగితం చదవమన్నాడు. చదివాను. సంతోషిస్తాడనుకున్నాను. కేసు పెట్టినప్పుడు, స్టేషన్‌లో కూర్చోబెట్టినప్పుడు కూడా నోరెత్తని మనిషి, స్వీటు డబ్బా తీసి వాకిట్లోకి విసిరేశాడు.

“నేను ఆడ లేనని రాసిచ్చిందా?” అన్నాడు.

“నిన్ను కాపాడుదామనే కదా నాన్నా.”

“కాపాడెటోళ్లు గిట్ల కాపాడుతరా? నేను చేసింది తప్పే. తప్పు చేసిన మనిషినైనా ఆడ ఉన్న గదా. ఆ సలిల, ఆ వాసనల, పైపు పట్టుకొని నేనే నిలబడ్డ. అన్ని దినాలల్ల ఒక్కలు సూడలె నన్ను. గీ పిల్ల సూసింది. బొమ్మ సూపెడితే నేనని నాకు తెల్వదా? ఎరుక పట్టిన. తీసెయ్ బిడ్డా అందామని నోటిదాంక వచ్చింది, అనలె. ఒక్కలన్నా సూసిన్రు తియ్యి అనుకున్న.” చేతులు నా మొహం ముందు పెట్టాడు. వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఎర్రగా ఉంది, నీకు తెలుసు. “వాగు నీళ్లు మంచిగున్నయని రాసిచ్చింది. మరి ఇవేంది? ఇవి గూడ ఊహేనా?”

వదినా, నాన్నకు అంత కోపం వస్తుందని నాకు తెలియదు. నీ మీదో, నా మీదో, తన మీదో చెప్పలేను. అందరి మీదా అనుకుంటాను.

మర్నాడు డ్యూటీకి పోలేదు. నన్ను కూడా పిలవకుండా బస్సెక్కి సంగారెడ్డి వెళ్లి, ఆఫీసర్ ముందు కూర్చుని అంతా చెప్పేశాడు. పారబోసింది తానేనని, పారబోయించింది వీర్రాజని, కంపెనీకి తెలిసే జరుగుతోందని. ఆఫీసర్ కబురు పెడితే వచ్చిన కంపెనీ వకీలు ఏం చేశాడో తెలుసా? నీ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఈ మనిషి కన్నబిడ్డలా చూసుకున్న మేనకోడలే, ప్రభుత్వ టీచరే అక్కడ ఏమీ జరగలేదని రాసిచ్చింది, పని నుంచి ఆపిన కోపంతో డ్రైవర్ కంపెనీని బద్నాం చేస్తున్నాడు, ఇతని మీదే కేసు పెట్టాలి అన్నాడు. ఆఫీసర్ నాన్నను చూసి, “పెద్దాయనా, నీ మాట నమ్మాల్నా, మీ మేనకోడలి సంతకం నమ్మాల్నా?” అని అడిగాడట.

ఆ కాగితం అడిగింది నేను. రాసింది నువ్వు. ఇప్పుడు దాంతోనే నాన్నను కొడుతున్నారు. మే మొదటి సోమవారం మళ్లీ రమ్మన్నారు, అదే ఆఖరు అన్నారు. నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. నిన్ను తిడదామన్నా మాటలు అయిపోయాయి.

ఎలిజబెత్

*

సంగారెడ్డి,
ఏప్రిల్ ఆఖరు రోజు

లిజీ,

నాకు మాటలు అయిపోలేదు. ఇప్పుడే మొదలయ్యాయి.

నీ ఉత్తరం చదివి, లేచి, కోర్టు దగ్గర ఒక వకీలును కలిశాను. ముందు రాసిచ్చింది అబద్ధమని నేను ఇప్పుడు చెప్తే, తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు నా మీద కేసు పెట్టవచ్చు అన్నాడు. మెమో వస్తుంది, సస్పెన్షన్ కూడా రావచ్చు. “ఎందుకమ్మా పరేషాన్, సప్పుడు జేయకుండ ఉండున్రి” అన్నాడు. ఊళ్లో ప్రతివాడికీ ఆ ఒక్క సలహానే వచ్చు. వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి నాకు.

సోమవారం నేను వస్తున్నాను. బొమ్మ కూడా తెస్తున్నాను. ప్రదర్శనవాళ్లు ‘ఇవ్వం’ అని గొణిగారు, గోడ మీదనుంచి నేనే దించుకున్నాను. అబద్ధమైంది సంతకమని, బొమ్మ కాదని చెప్తాను. అయినా చాలదు. విను, ఇది నేను చాలా కోపంగానే రాస్తున్నాను. నేను చూసింది ఒక టాంకరు, ఒక పైపు, ఒక మనిషి. ఆ మనిషిని పంపిందెవరో నేను చూడలేదు. గోడ అవతల ఏముందో నా బొమ్మలో లేదు, ఉండదు. ఎదురుగా కూర్చుని ఎంత బాగా చూసినా దొరికేది తువ్వాలు కట్టుకున్నవాడే. ఇన్నేళ్లు నేను నమ్మిన విద్యకు అంతకంటే చేతకాదని ఈ మూడు నెలల్లో తెలిసింది. తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

ఆ గొంతు విన్నది నువ్వు. “ఇయ్యాల వాగుకే” అన్న మాట నీ చెవిలో పడింది. మామను లేపింది నువ్వు. ఎవరు లేపమంటే లేపావో చెప్పాల్సింది నువ్వే లిజీ, ఇంకెవరూ చెప్పలేరు. మామ చెప్తే పగ అంటారు. నేను చెప్తే ముందొకటి తర్వాతొకటి అంటారు. నీ మాటను కొట్టేయడానికి వాళ్ల దగ్గర కాగితం లేదు.

ప్యాకింగ్ సెక్షన్‌లో నీ పని పోతుంది. నేను దాచి చెప్పడం లేదు. నా ఉద్యోగానికి నేను తెగించి వస్తున్నానని నువ్వూ రమ్మనడం లేదు. నువ్వు రాకపోతే మామ ఒక్కడే అబద్ధాలకోరుగా మిగిలిపోతాడు, అందుకు రమ్మంటున్నాను. నువ్వు రాకపోతే నిన్ను క్షమించను. బొమ్మ వేసినందుకు నువ్వు నన్ను క్షమించలేదు కదా, అలాగే.

ఎల్సీ

*

పటేల్‌గూడ,
శనివారం

వదినా,

ఇది పోస్టులో అందదని, సంగారెడ్డిలో పనిచేసే మొగులమ్మ కోడలి చేతికిచ్చి పంపుతున్నాను.

సోమవారానికి సెలవు అడిగాను. ఎందుకని సెక్షన్ ఇన్‌చార్జి అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మెషిన్లు ఆగలేదు కానీ చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా పని ఆపి విన్నారు. “గా పనికే పోతే మల్ల ఇటు రాకు” అన్నాడు. చేతి గ్లవుసులు విప్పి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. గేటు దాటాక కోపం వచ్చింది, అది ఇంకా దిగలేదు.

వీర్రాజు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మొదట అమ్మా అన్నాడు, తర్వాత ఏమే అన్నాడు. రెండూ విన్నాను, జవాబు చెప్పలేదు. సోమవారం ఆయన ముందే చెప్తాను.

నాన్నకు నీ ఉత్తరం చదివి వినిపించాను. చొక్కా ఇస్త్రీ చేయమన్నాడు, అంతే.

నీ మీద నాకు కోపం పోలేదు వదినా. నాన్నను చూసి కూడా గుర్తుపట్టనందుకు పోలేదు, నేను అడగ్గానే సంతకం పెట్టినందుకు కూడా పోలేదు. రోజూ నాన్నను లేపి పంపిన నా మీద నాకే పోలేదు. పోయేదాకా ఆగితే ఈ జన్మలో సంగారెడ్డి బస్సెక్కలేను. అందుకే కోపంతోనే వస్తున్నాను. ఆఫీసు వరండాలో నా పక్కనే కూర్చో, నాతో మాత్రం మాట్లాడకు. లోపలికి పిలిచాక గట్టిగా మాట్లాడు.

ఎలిజబెత్